పద్దెనిమిదో పుట్టినరోజు వాచీ

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బీరువా పై అరలో, పాత ఎల్‌ఐసీ కాగితాల వెనక, మా పెద్దబ్బాయి వాచీ పెట్టె కనిపించింది. వాడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజున నేను కొనిచ్చిన వాచీ. అప్పటి నా నెల జీతంలో సగానికి పైగా దానికే పోశాను. మూత తీస్తే ముళ్లు ఎప్పుడో ఆగిపోయి ఉన్నాయి.

సెల్లు వేయిస్తే నడుస్తుందిలే అనుకుని మార్కెట్ దగ్గరి వాచీ మెకానిక్ చేతికిచ్చాను. ఆయన వెనక మూత విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని చూసి, "సెల్లు కారిపోయిందండీ, లోపల సర్క్యూట్‌ని తినేసింది. మిషన్ మొత్తం మార్చాలి" అన్నాడు. తర్వాత అద్దం మీదా చైను మీదా వేలితో తడిమి, "ఒక్క గీత కూడా పడలేదే, అబ్బాయి పెట్టుకోలేదా?" అని అడిగాడు.

పెట్టుకోలేదు. మహా అయితే ఐదారు సార్లు పెట్టుకుని ఉంటాడు, అదీ నేను ఇంట్లో ఉన్న రోజున.

తప్పు వాడిది కాదు. ఆ వాచీ 46 మిల్లీమీటర్ల వెడల్పు. పెద్ద డయల్లో మూడు చిన్న డయళ్లు, పక్కన మీటలు, అరచేతిలో పెట్టుకుంటేనే బరువు తెలిసే స్టీలు చైను. మావాడిది సన్నటి మణికట్టు. షాపులో దాన్ని నా చేతికే పెట్టి చూసుకున్నాను, నాకే నచ్చింది, బిల్లు కట్టేశాను. కాలేజీ రోజుల్లో నాకు దక్కని వాచీని కొడుకు పుట్టినరోజు పేరు చెప్పి కొన్నానన్నమాట. నీకేం కావాల్రా అని ఒక్క మాట అడగలేదు.

ఆ పెట్టె బయటపడిన ఏడాదే మా అమ్మాయికి పద్దెనిమిది నిండబోతున్నాయి. ఈసారి తొందరపడకూడదని రెండు నెలల ముందు నుంచే షాపులు తిరిగాను, మెకానిక్‌ల దగ్గర కూర్చున్నాను, అడిగి తెలుసుకున్నాను. ఈ అధ్యాయంలో చెప్పేవన్నీ ఆ రెండు వాచీల మధ్య నేర్చుకున్న సంగతులు.

పద్దెనిమిది ఎందుకు, వాచీయే ఎందుకు

పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని చెప్పే వేడుకలు మన ఇళ్లలో ఉన్నాయి. ఆడపిల్లకి ఓణీలు, మగపిల్లాడికి పంచెలు, కొన్ని ఇళ్లలో ఒడుగు. అవన్నీ పిల్లలింకా బడిలో ఉండగానే అయిపోతాయి. చట్టం లెక్క వేరు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లే మేజర్లు. ఓటుకి మాత్రం చాలాకాలం ఇరవై ఒకటి నిండాల్సి వచ్చేది. 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చాకే దాన్ని పద్దెనిమిదికి దించారు. గేర్లున్న బండికి లైసెన్సు, ఒప్పందం మీద సంతకం, ఆస్పత్రిలో తన ఆపరేషన్ కాగితం మీద తన సంతకం, అన్నీ ఆ రోజు నుంచే. నిన్నటిదాకా 'తండ్రి లేదా సంరక్షకుడు' అన్న గీత మీద మనం పెట్టిన సంతకం ఇక అక్కర్లేదు. ఇంత మార్పు వచ్చే రోజున ఇంట్లో కేకు కోసి, బిరియానీ తెప్పించుకుని ఊరుకుంటున్నాం.

మా తరంలో ఆ హద్దుని వాచీయే గీసేది. "టెన్త్ పాసైతే వాచీ కొనిపెడతా" అన్న మాట వినని పిల్లలు మా వీధిలో లేరు. అది తప్పితే మళ్లీ పెళ్లిలోనే, ఉంగరంతోపాటు అల్లుడికి పెట్టే లాంఛనంగా చేతికొచ్చేది. హిందుస్థాన్ మెషీన్ టూల్స్ (హెచ్ఎంటీ) 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. హెచ్ఎంటీ 'జనతా' ఉన్న ఇల్లు లేని ఊరు మన వైపు అప్పట్లో అరుదు. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సాంకేతిక సాయంతో వాచీలు చేసింది. ఫ్రిజ్‌ల మీదా బస్సుల మీదా చూసిన పేరు చేతి మీద కనిపిస్తే అదొక సంబరం.

మా నాన్నగారిది జనతాయే. డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉండేది. లోపల పదిహేడు రత్నాలున్నాయని చిన్నప్పుడు నిజంగా నమ్మేవాణ్ని. అవి రత్నాలే గానీ మనుషులు తయారుచేసిన కెంపులు, తిరిగే ఇరుసులు అరిగిపోకుండా వాటి కొసల్ని పట్టి ఉంచేవి. నాన్నగారు రోజూ పొద్దున రేడియో ముందు నిలబడి కీ ఇచ్చేవారు, వార్తల ముందు వచ్చే బీప్‌లకి ముల్లు సరిచేసుకునేవారు. నా టెన్త్ ఫలితాలొచ్చిన వారానికి కొత్త వాచీ కొనలేదు. తన చేతి వాచీయే విప్పి నా చేతిలో పెట్టారు. పెట్టి ఒకే మాటన్నారు: "కాలేజీ బస్సు ఏడింటికి. నిన్ను లేపే పని ఇక నాది కాదు."

అన్నట్టే లేపలేదు. మొదటి వారంలో రెండుసార్లు బస్సు తప్పిపోయింది. ఇంటికి తిరిగొస్తే వరండాలో పేపరు చదువుకుంటూ ఉన్నారు. తిట్టలేదు, తర్వాతి బస్సు ఎన్నింటికో కూడా చెప్పలేదు. మూడోసారి తప్పలేదు.

నా కొడుక్కి నేనిచ్చిన వాచీలో లేనిది అదే. వాచీ ఇచ్చాను, లేపడం మానలేదు. ఎన్నింటికి వస్తావని అడగడం మానలేదు. ఒక పని అప్పజెప్పకుండా ఇచ్చిన వాచీ ఒంటి మీది నగతో సమానం. కాబట్టి షాపుకి వెళ్లే ముందే ఒక నిర్ణయం తీసుకోండి: ఈ బిడ్డ కాలంలో ఏ భాగం మీద ఇవాళ్టి నుంచి పెత్తనం వదులుకుంటున్నాను? నిద్ర లేచే వేళా, చదువుకునే వేళా, ఊరెళ్లేటప్పుడు రైలు టికెట్టా? ఏదో ఒకటి ఉండాలి, అది నిజంగా వదులుకునేది కావాలి.

చేతిలో ఫోనుండగా వాచీ ఎందుకని పిల్లలే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా రోజుల్లో పరీక్ష హాలు కోసం కొనేవాళ్లం, ఇప్పుడు నీట్ హాల్లోకి చేతి గడియారం రానివ్వనే రానివ్వరు. నేను మా అమ్మాయికి చెప్పిన కారణం ఒకటే. టైమెంతని ఫోను తీస్తే టైము చూసి లోపల పెట్టం. ఏదో మెసేజ్ ఉంటుంది, దాని కింద ఇంకోటి ఉంటుంది, తీసిన పని మర్చిపోతాం. వాచీ టైము చెప్పి ఊరుకుంటుంది. "అది నిజమే నాన్నా" అంది.

ఎవరు ఎంచాలి

పిల్లలకి తెలియకుండా కొని, పెట్టె తెరిచినప్పుడు వాళ్ల మొహం చూడాలన్న ఆశ అందరికీ ఉంటుంది. నా సలహా మాత్రం, పద్దెనిమిదేళ్ల మనిషిని షాపుకి తీసుకెళ్లమనే. పెద్దయ్యావని చెప్పే కానుకని వాళ్లని అడక్కుండా ఎంచితే ఆ మాటకి అర్థం పోతుంది. నాకింత బడ్జెట్ ఉంది, ఇందులో నీకు నచ్చింది చూడు అని ముందే చెప్పండి. వాళ్లు మూడు ఎంచుతారు, మీరు అందులోంచి ఒకటి తర్వాత వెళ్లి కొనొచ్చు. అలా చేస్తే ఆ కొంచెం ఆశ్చర్యం కూడా మిగులుతుంది.

షాపులో మాట్లాడకుండా గమనించడం నేర్చుకోండి. మా అమ్మాయిని లేడీస్ అరల దగ్గరికే తీసుకెళ్లారు. గాజులాంటి చైను, శనగగింజంత డయల్, అంకెలే లేవు. మర్యాదకి రెండు పెట్టి చూసింది. ఆమె చూపు మాత్రం పక్క కౌంటర్లో 36 మిల్లీమీటర్ల తెల్ల డయల్, నల్లటి అంకెలున్న వాచీ మీదే ఉంది. "అది జెంట్స్‌దమ్మా" అన్నాడు సేల్స్ కుర్రాడు. "టైము చూసుకోడానికి నాకదే బాగుంది" అంది. అదే కొన్నాం. ఆడపిల్లకి వాచీ అంటే ముచ్చటైన చిన్న వస్తువు అన్న అలవాటుని దయచేసి వదిలేయండి. రేపు ల్యాబులోనో, ఆస్పత్రి వార్డులోనో, సైట్‌లోనో నిలబడి సెకన్ల ముల్లు చూసుకోవాల్సిన పిల్ల ఆమె.

కొలతకి దారం ముక్క చాలు. మణికట్టు ఎముక వెనక చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలు మీద పరచండి. పదిహేను సెంటీమీటర్ల లోపు చేతికి 34 నుంచి 37 మిల్లీమీటర్ల వాచీ నప్పుతుంది. పదిహేడు దాకా ఉంటే 38 నుంచి 41. అంతకంటే ముఖ్యమైన పరీక్ష ఇంకొకటుంది. బెల్టు తగిలించే కొమ్ములు పైనా కిందా చెయ్యి అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే ఆ వాచీ చొక్కా చేతికి తగులుకుంటుంది, తలుపు గడియకి కొట్టుకుంటుంది, నెలలో బీరువా చేరుతుంది. చైను వాచీ అయితే ఇంకా ఎదిగే చెయ్యి కదా, తీసేసిన లింకులు షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. పక్కన కీ ఎక్కువ పొడుచుకొచ్చే వాచీలు కొందరికి గుచ్చుకుంటాయి. పెట్టి, మణికట్టు వంచి చూడమనండి.

లోపలి మిషన్ సంగతి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే షాపుల్లో దీని గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ.

సెల్లుతో నడిచే వాచీని క్వార్ట్జ్ అంటారు. లోపల బియ్యపు గింజంత స్ఫటికం ఉంటుంది. కరెంటు తగిలితే అది సెకనుకి 32,768 సార్లు వణుకుతుంది. ఆ అంకెని సగం చేసి, మళ్లీ సగం చేసి, అలా పదిహేనుసార్లు చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఆ ఒకటే సెకన్ల ముల్లు వేసే ఒక అడుగు. నెలకి పదిహేను, ఇరవై సెకన్లకి మించి తేడా రాదు. ప్రపంచంలో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని సీకో 1969 డిసెంబరు 25న జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. మన దగ్గర టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్‌ని స్థాపించి, హోసూరులో ఫ్యాక్టరీ కట్టి, 1987 నుంచి వాచీలు తెచ్చాక గాలి పూర్తిగా అటు తిరిగింది. కీ వాచీలకి పేరుపడ్డ హెచ్ఎంటీ ఆ పోటీలో వెనకబడిపోయింది. ఆ వాచీల కంపెనీని మూసేయడానికి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది.

కీ వాచీలో సెల్లు ఉండదు. చుట్టుకున్న స్ప్రింగ్ విచ్చుకుంటూ చక్రాల్ని తిప్పుతుంది. పాత జనతా సెకనుకి ఐదు టిక్కులు కొడుతుంది, రాత్రి దిండు కింద పెట్టుకుంటే వినిపిస్తుంది. రోజుకి అర నిమిషం అటూఇటూ అయినా దాన్ని జబ్బు అనుకోకూడదు, దాని స్వభావమే అంత. ఆటోమేటిక్ కూడా స్ప్రింగ్ వాచీయే, చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి బరువు ఊగి స్ప్రింగ్‌ని చుడుతుంది. చాలా వాటికి నిండుగా చుడితే నలభై గంటల దాకా నడక. శనివారం పొద్దున తీసి పక్కన పెడితే సోమవారం కాలేజీ వేళకి ఆగి ఉంటుంది. రెండింటినీ నాలుగైదేళ్లకోసారి విప్పించి, శుభ్రం చేయించి, నూనె వేయించాలి. తారీఖు చూపించే ఆటోమేటిక్‌కి రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య తారీఖు మార్చకూడదు. ఆ వేళలో లోపలి పళ్లచక్రం తారీఖు పలకని పట్టుకుని ఉంటుంది, బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది.

ఏది కొనాలి? చాలామంది పిల్లలకి క్వార్ట్జే సరైనదని నా నిర్ణయం. హాస్టల్ జీవితం, బస్సులు, క్రికెట్, నిద్రలేని సెమిస్టర్ రాత్రులు, వీటన్నిటినీ తట్టుకుని మన పట్టింపు లేకుండా నడిచేది అదే. వెలుతురుతో చార్జ్ అయ్యే సోలార్ రకం అందుబాటు ధరలో దొరికితే ఇంకా మంచిది, సెల్లు బెడద చాలా ఏళ్లు ఉండదు. దాన్ని చీకటి సొరుగులో మాత్రం పడేయకూడదు. కీ వాచీ ఎవరికంటే, చిన్నప్పుడు టేబుల్ ఫ్యాను విప్పి మళ్లీ బిగించిన పిల్లలకి, ఏ వస్తువుకైనా లోపల ఏముందని అడిగే పిల్లలకి. వాళ్లు రోజూ కీ ఇవ్వడాన్ని చాకిరీ అనుకోరు.

స్మార్ట్ వాచీ గురించి ఎక్కువ చెప్పను. నడకలు లెక్కపెట్టుకోడానికి, గుండె వేగం చూసుకోడానికి పనికొస్తుంది, కావాలంటే ఇంకో పుట్టినరోజుకి కొనండి. కొన్నేళ్లకి బ్యాటరీ నీరసిస్తుంది, కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తుంది, అక్కడితో దాని కథ ముగుస్తుంది. పద్దెనిమిదికి ఇచ్చిన వాచీ ముప్పై ఎనిమిదికీ నడవాలి. పైగా ఫోను నుంచి కాస్త ఊపిరి తీసుకోడానికి కొంటున్న వస్తువు ఫోనుకి తోకగా ఉండకూడదు.

అద్దం, నీళ్లు, చెమట

మామూలు వాచీలకి మినరల్ గ్లాస్ ఉంటుంది, అది చాలు. ఖరీదైన వాటికుండే సఫైర్ అద్దం తేలిగ్గా గీత పడదు, గట్టి దెబ్బ తగిలితే మాత్రం పగలొచ్చు. వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే అంత లోతుకి దిగొచ్చని చాలామంది పొరబడతారు. అది కదలని నీటి ఒత్తిడితో చేసిన పరీక్ష. ఆ వాచీ చేతులు కడుక్కున్నా, వాన చినుకులు పడ్డా ఓర్చుకుంటుంది, అంతే. ఈత కొట్టే పిల్లలకి 100 మీటర్లు రాసి ఉన్నది చూడండి. ఆ రక్షణంతా మూత కింది సన్నటి రబ్బరు రింగుదే, సెల్లు మార్చినప్పుడల్లా దాన్ని కూడా చూడమని చెప్పాలి.

బెల్టు విషయంలో మన వాతావరణమే పెద్ద జడ్జి. విజయవాడ, రాజమండ్రి ఎండల్లో తోలు బెల్టు చెమట తాగి ఏడాది తిరక్కుండా వాసన కొడుతుంది, పగుళ్లిస్తుంది. స్టీలు చైను కడుక్కోవచ్చు. నైలాన్ బెల్టు ఉతుక్కోవచ్చు. తోలు మీద మోజుంటే చైనుతో కొని, పెళ్లిళ్లకీ ఇంటర్వ్యూలకీ విడిగా ఒక తోలు బెల్టు తీసుకోండి. కొమ్ముల మధ్య వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటైతే ఏ ఊళ్లోనైనా బెల్టు దొరుకుతుంది. కంపెనీ సొంత ఆకారంలో బిగించిన బెల్టులున్న వాచీలు కొనకండి, తెగితే మళ్లీ ఆ కంపెనీ కాళ్లే పట్టుకోవాలి. చవక లోహానికి బంగారు గిల్టు పూసినవి మన చెమటకి నిలవవు, గిల్టు పోయాక కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి. ఇంకో చిన్న సంగతి. శుభమా అని పుట్టినరోజు నాడు నల్లటి వస్తువేమిటని ఇంట్లో పెద్దావిడ నొచ్చుకోవచ్చు. గోధుమరంగు బెల్టో చైనో తీసుకుంటే ఆ మాట రాదు, పిల్లలకి నష్టమూ లేదు.

డబ్బు సంగతికొస్తే, మూడు నుంచి ఎనిమిది వేల మధ్య చాలాకాలం నడిచే స్టీలు క్వార్ట్జ్ వాచీలు దొరుకుతాయి. అంత వీల్లేకపోతే వెయ్యి, రెండు వేలలో దొరికే కేసియో డిజిటల్ వాచీల్ని తక్కువ చేయకండి. ఆ కంపెనీ ఎఫ్-91డబ్ల్యూ మోడల్ 1989లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు, సెల్లు ఏడేళ్లు వస్తుంది. అప్పు చేసి, వాయిదాల మీద మాత్రం వాచీ కొనొద్దు. పోతే ఇల్లంతా ఏడవాల్సిన ధర ఉన్న వాచీని పిల్లలు హాస్టల్‌కి తీసుకెళ్లరు, భయపడి ఇంట్లో పెడతారు. 'ఫస్ట్ కాపీ' అని అచ్చం పెద్ద కంపెనీ వాచీలా ఉండే నకిలీని చూపిస్తే, ఎంత చవకైనా, అక్కడి నుంచి కదిలి వచ్చేయండి. పెద్దమనిషివయ్యావని చెబుతూ అబద్ధం రాసున్న వస్తువు చేతికి కట్టకూడదు. అధీకృత షాపులోనే కొని, గ్యారంటీ కార్డు మీద ముద్ర, తారీఖు వేయించుకుని, కార్డు మీది మోడల్ నంబరు వెనక మూత మీది నంబరుతో కలుస్తోందో లేదో అక్కడే చూడండి.

ఇంట్లో పాత వాచీ ఉంటే

తాతగారిదో, అమ్మమ్మదో హెచ్ఎంటీ ఏ ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, కొత్తది కొనే ముందు దాన్ని మంచి మెకానిక్‌కి చూపించండి. తుప్పు పట్టకపోతే చాలావరకు బాగవుతాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: డయల్‌కి రంగు వేయనివ్వకండి. పసుపు తిరిగిన ఆ డయల్ తాతగారు చూసిన డయల్. అద్దం ప్లాస్టిక్‌ది కాబట్టి పాలిష్ పడితే గీతలు పోతాయి, లేదా కొత్తది వేస్తారు. అంతకుమించి మెరిపించొద్దు. ఇంట్లో లేదు గానీ పాతదే కావాలని బయట కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. నాలుగు వాచీల ముక్కలు కలిపి, ఎర్రటి, నీలపు డయళ్లు కొత్తగా అచ్చేసి, అసలుదని అమ్మేవాళ్లు ఎక్కువ. పాత వాచీల రబ్బరు రింగు ఎండిపోయి ఉంటుంది, వాన తగలనివ్వకూడదు.

నాన్నగారి జనతా ఇప్పుడు మా పెద్దబ్బాయి దగ్గరుంది. ఆ పెద్ద వాచీ చచ్చిపోయిన సంగతి చెప్పి, నీకు కొనేటప్పుడు నిన్ను అడగాల్సింది అన్నాను. వాడు కాసేపాగి, "తాతగారి వాచీ ఇస్తావా నాన్నా?" అన్నాడు. ఆ వాచీ కావాలని వాడు ఇన్నేళ్లూ అనుకుంటున్నాడని నాకు తెలియదు.

ఇచ్చే రోజు

వెనక మూత మీద అక్షరాలు చెక్కించాలనుకుంటే ఉత్త స్టీలు మూత ఉన్న వాచీకే చెక్కించండి, గాజు మూతకి వద్దు. మూత విప్పి, దాన్ని మాత్రమే లేజర్ షాపు వాడికివ్వాలి, వాచీ మొత్తం ఇవ్వకూడదు. తెలుగులో చెక్కించేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. చాలా షాపుల్లోని సాఫ్ట్‌వేర్‌లో మన ఒత్తులు విడిపోయి పక్కకి జరుగుతాయి. టైపు చేసి పంపకుండా, మీరే అక్షరాలు సరిచూసుకుని బొమ్మగా ఇవ్వండి, చెక్కే ముందు కాగితం మీద తీయించి చదవండి. ఎక్కువ మాటలొద్దు. పేరు, తారీఖు చాలు.

మేం ఇంకోటి కూడా చెక్కించాం. మన ఇళ్లలో బిడ్డ పుట్టిన క్షణం నిమిషాలతో సహా రాసి పెట్టుకుంటాం, జాతకానికని. మా అమ్మాయిది తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలు. ఆపరేషన్ థియేటర్ బయట గోడ గడియారం కేసి చూసి మా అత్తగారు పంచాంగం అట్ట మీద రాసుకున్నారు. ఆ అట్ట ఇప్పటికీ ఉంది. బిడ్డ కోసం ఎవరో మొదటిసారి గడియారం చూసిన క్షణం అది. మీ ఇంట్లోనూ ఎక్కడో రాసే ఉంటుంది, వెతకండి.

పుట్టినరోజు ముందు రాత్రి వాచీ కీ బయటికి లాగి, ముళ్లు 4:40 దగ్గర పెట్టి ఆపేశాను. కొత్త క్వార్ట్జ్ వాచీలకి కీ కింద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి ఆపే పంపుతారు, అదే పద్ధతి. పొద్దున తలంటు పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చాక పెట్టె ఇచ్చాను. చూసి, "నాన్నా, ఆగిపోయి ఉందే" అంది. వెనక్కి తిప్పి చూడమన్నాను. అంకెలు చదివి, వాళ్ల అమ్మ వైపు చూసింది. "ఇక్కడిదాకా మేం నడిపాం. ఇప్పుడు టైమెంతో నువ్వే పెట్టుకో" అన్నాను. తనే ముళ్లు తిప్పి, కీ లోపలికి నొక్కి, సెకన్ల ముల్లు కదలడం చూసి చేతికి పెట్టుకుంది. ఆ మాటలు నేను ముందు రోజు కాగితం మీద రాసుకుని నేర్చుకున్నవే. మీరూ రాసుకోండి, ఆ సమయానికి గొంతు పట్టేస్తుంది.

తర్వాత నేను వదులుకున్న పని కూడా అక్కడే చెప్పాను: హాస్టల్ నుంచి ఇంటికొచ్చే బస్సు ఏదో, ఎన్నింటికి బయల్దేరాలో ఇక తనే చూసుకుంటుంది. రాత్రి బస్సెక్కితే ఒక మెసేజ్ పెట్టమన్నాను, అది భద్రత కోసం. మిగతాది అడగనన్నాను. మొదటి రెండు నెలలు అడగకుండా ఉండటం నాకు కష్టమైంది. ఒకసారి పండక్కి టికెట్టు ఆలస్యంగా చేసుకుని, నిలబడే వచ్చింది. గుమ్మంలో చూడగానే నోటి దాకా వచ్చిన మాటని ఆపుకుని, అన్నం పెట్టమని వాళ్లమ్మతో చెప్పాను.

వాచీ ఇచ్చి ప్రతిరోజూ "పెట్టుకున్నావా?" అని అడిగే తల్లిదండ్రుల్లో మీరు ఉండకండి. గీతలు పడితే పడనివ్వండి. పెట్టె, బిల్లు, గ్యారంటీ కార్డు, తీసేసిన లింకులు ఒక కవర్లో వేసి వాళ్లకే ఇచ్చేయండి, మీ దగ్గర దాచొద్దు. సెల్లు రెండు, మూడేళ్లకి అయిపోతుంది. వాచీ ఆగిన వారంలోనే తీయించాలని, కొత్తది వేయించే తీరిక లేకపోయినా పాతది లోపల ఉంచకూడదని చెప్పండి. మా అమ్మాయి మొన్న తనుంటున్న ఊళ్లోనే మెకానిక్‌ని వెతుక్కుని సెల్లు మార్పించుకుంది. ఆ సంగతి నాకు వారం తర్వాత, మాటల్లో తెలిసింది.

మీ బీరువాలో కూడా ఆగిపోయిన వాచీ ఒకటి ఉండే ఉంటుంది. పుస్తకం ఇక్కడ ఆపి, ముందు దాని సెల్లు తీయించి రండి.